కాచిగూడ రైలును ఆపిన టేపు

తార్నాక చౌరస్తాలో సామేలు నోరు తెరిచాడంటే చేతిలో చాయ్ చల్లారిపోవలసిందే. ఫిజియోథెరపీ చదువుతున్నాడు, తెలంగాణ ఉద్యమంలో తిరుగుతున్నాడు; రెండూ కలిస్తే కోతలకు కొదవేముంది? మర్నాడు ఆర్ట్స్ కాలేజీ నుంచి కదిలే ర్యాలీలో ముందు వరస బ్యానరుకు ఒక కర్ర అతనిది, రెండోది వేదవతిది. ఆ సంగతి మాట్లాడదామనే ఆమె వచ్చింది. అతనేమో కథ ఎత్తుకున్నాడు.

“మన డప్పు బాలస్వామి లేడా, భుజం పట్టేసి చెయ్యి లేస్తలేదు. గీ గులాబీ రంగు సాగే టేపు తీసుకొని, భుజం మీదికెళ్లి రెక్క ఎముక దాకా రెండు పట్టీలేసిన. చెయ్యి లేచింది.”

“అంతవరకు నమ్ముతాం,” అన్నాడు పక్క బెంచీ మీది కొండలరావు, రిటైరైన గుమాస్తా.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా అంకుల్? దరువేసిండు. ఒక్క దెబ్బకు మౌలాలి గుట్ట మీది పావురాలన్నీ లేచినయ్. రామంతాపూర్ల టీవీవోళ్లు వార్తలు ఆపి, గా చప్పుడేందని ఫోన్ చేసిన్రు.”

“నీకేనా ఫోన్?” అంది వేదవతి.

“డాక్టర్ను నేనే గద. ఇంకా విను. రైల్‌రోకో నాడు కాచిగూడ పట్టాల మీద నిలబడి, టేపేసిన చెయ్యి అడ్డం పెట్టిండు. ఇంజిన్ అరచేతికి తగిలి ఆగింది. ఆగుడే గాదు, వెనక్కి పోయింది. డ్రైవర్ దిగి, అన్నా, నా బండికి గూడ ఒక పట్టీ వెయ్యమని దండం పెట్టిండు. వేసిన. గప్పట్నుంచి గా బండి టైముకు వస్తున్నది.”

“టైముకా? ఇది మాత్రం నమ్మనయ్యా,” అన్నాడు కొండలరావు.

వేదవతి నవ్వలేదు. సామేలు మాట్లాడితే రెండు చేతులూ గాలిలో ఎగరేసే మనిషి. ఇవాళ కుడిచెయ్యి ఒళ్లోంచి కదల్లేదు. రైలును ఆపడం కూడా ఎడమచేత్తోనే చూపించాడు.

“సామేలూ, కుడిచెయ్యి ఎత్తు.”

“ఎందుకు?”

“ఎత్తమంటున్న.”

నడుము దాటి లేవలేదు. మొన్న పోలీసులు తరిమినప్పుడు హాస్టల్ గోడ దూకి ఆ భుజం మీదే పడ్డాడట.

“రేపు కర్ర పట్టకపోతే ఏమంటరు వేదా? కోస్తా నుంచి వచ్చినోళ్ల పిలగాడు, భయపడి ఇంట్ల కూసున్నడంటరు. నేను పుట్టింది గీ తార్నాకలనే గద.” గొంతు తగ్గింది.

“టేపు జేబులనే పెట్టుకొని తిరుగుతున్నవ్. వేసుకోవద్దా?”

“రెక్క ఎముక మీదికి నా చెయ్యి నాకందది. ఇంకొకరు వెయ్యాలె.”

“రైలును ఆపిన డాక్టరువి, నీ వీపు నీకు అందలేదా?” అంది వేదవతి. “తిరుగు.”

కొండలరావు బెంచీ దిగి మరీ నవ్వాడు. సామేలు టేపు ఆమె చేతికిచ్చి, చొక్కా భుజం జార్చాడు.

“కొసలు లాగకు, ఊరికే అతికించు. నడుమనే జర సాగదియ్. గంతే.”

పట్టీలు పడ్డాక చెయ్యి మెల్లగా లేచింది. భుజం ఎత్తు దాకా వచ్చి ఆగింది.

“రైలుకు చాలదు,” అంది వేదవతి. “బ్యానరు కర్రకు చాలు.”

“రేపు చూడు, నేను కర్ర లేపితే ఢిల్లీల...”

“ముందు చాయ్ ఆ చేత్తో తాగు.”

తాగాడు. చల్లారిపోయిన చాయే. అయినా పొగలు కక్కుతున్నట్టు ఊదుకుంటూ తాగాడు.