కొబ్బరికాయ చూపిన నూనె బాయి

బోరు పాయింట్ చూసుడంటే శంషాబాద్ మండలంల ముందు నా పేరు చెప్తరు, ఎన్క మిగిలినోళ్లది. ఈ జంగయ్య అరచేతుల కొబ్బరికాయ అడ్డం పెట్టుకొని చెల్కల నడుస్తుంటే, కింద నీళ్లున్న కాడ కాయ లేసి నిలవడ్తది. గింతే విద్య. నేనేం గొప్పలు చెప్పుకునేటోణ్ని గాదు.

ఆ పొద్దు ఎయిర్‌పోర్టు తొవ్వల అమృతమ్మ చాయ హోటల్ కాడ కూసున్నం. ఎయిర్‌పోర్టు బస్సు ఆగేది ఆడనే. పక్కన నా బిడ్డ అనుపమ. అల్లుడు గోవర్ధన్‌ది గోదావరి దిక్కు పాత ఆయిల్ ఫీల్డుల కొలువు. ముప్పై ఏండ్ల బాయిలు వట్టిపోతున్నయని పక్కపొంటి కొత్తయి తవ్వుతున్నరు. మొన్న మాపటికి ఓ కొత్త బాయిల గ్యాసు ఎగదన్నిందని తెల్సింది. అప్పటిసంది అల్లుని ఫోను కలుస్తలేదు. పొద్దుగాల విమానంల కొందరిని పంపుతున్నమని కంపెనీవోళ్లు అన్నరు గని, ఆ కొందరిల మావోడున్నడో లేడో చెప్పినోళ్లు లేరు. బిడ్డ ముందట చాయ చల్లారిపోయింది. నేనేం జెయ్యాలె? నోరు తెరిచిన.

“పోయినేడు నేను గూడ ఆడికి పోయిన మత్తయ్యా,” అన్న, క్యాబ్ నడిపే మత్తయ్య దిక్కు తిరిగి. “అల్లునికి తొక్కులిచ్చొద్దామని, అంతే. ఆడ నలభై బాయిలు, అన్నింట్ల నూనె కంటే నీళ్లే ఎక్కువొస్తున్నయ్, ఇంజనీర్లు నక్షలు పరుసుకొని తలకాయ పట్టుకొని కూసున్నరు. నాకు జాలైంది. సంచిలకెల్లి కాయ తీసిన. పది అడుగులు నడిచిన్నో లేదో లేసి నిలవడ్డది. నిలవడుడే గాదు, గిర్రున తిరిగింది. ఈడ దింపుండ్రి అన్న. తిన్నగ పోతే దొరకది, మైలు లోతుకు పోయినంక పక్కకు వంచి ఇంకో మైలు పోనియ్యుండ్రి అన్న.”

“ఇనుప పైపును భూమి లోపల వంచుతరా? జర తక్కువ చెయ్యన్నా.”

“వాళ్లకు వంగలే. నేను మోకాలు పెట్టి వంచిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?”

అమృతమ్మ మంట తగ్గించి చెవి ఇటు పెట్టింది. అనుపమ మాత్రం బస్సు ఆగే దిక్కే చూస్తున్నది. ఇగ నేను గొంతు పెంచిన.

“నూనె చిమ్మింది సూడు, తాడిచెట్టు మీద తాడిచెట్టు నిలవెట్టినట్టు, మబ్బుల్లకు. గాలి ఇటు మళ్లింది. రాజేంద్రనగర్‌ల మిద్దెల మీద ఎండవోసిన అప్పడాలు పొయ్యి లేకుంటనే వేగినయ్. ఈడ దిగే విమానాలు వైపర్లు ఏసుకొని దిగినయ్. ఓ పైలటు తెలివిగల్లోడు, కిటికీలకెల్లి చెయ్యి చాపి ట్యాంకు మూత తీసి, ఊరికే నింపుకొని దుబాయి పోయిండు. బాయి కాడ ఇంజనీర్లు సంబురంతోటి ఎగురుతున్నరు. నేనొక్కణ్నే, గింత నూనె ఆగమైతున్నదే అనుకొని, తువ్వాల నడుముకు చుట్టి పోయి, బాయి మూతికి కాయను బిరడా కొట్టిన. గప్పుడు ఆగింది. ఇగో, ఇదే ఆ కాయ.”

సంచిలకెల్లి తీసి అరచేతుల పెట్టి చూపెట్టిన. కాయ గజగజ వణికింది.

“సూసిండ్రా? నీ హోటల్ కింద గూడ ఉన్నది అమృతమ్మా. పొయ్యి జర అవతలికి జరుపుకో.”

“చిమ్మితే ఎగురరు మామా, ఉరుకుతరు.”

ఎన్కకు తిరిగితే గోవర్ధన్. మూడు దినాల గడ్డం, ఎర్రవడ్డ కండ్లు. బస్సు దొరకక ఆటోల పోతుంటే నా గొంతు తొవ్వ మీదికే వినవడ్డదంట, ఆపిచ్చి దిగిండు.

“నీది నీళ్ల బోరు లెక్క,” అన్నడు బెంచీ మీద కూలవడి. “బోరు చిమ్మితే పండుగ. నూనె బాయి చిమ్మితే మనుషులు పోతరు. మొన్న గ్యాసు ఎగదన్నినంక, దాన్ని అణిచేదాక మా పానాలు మాకాడ లేవు. రెండు దినాలు అందరం ఆడనే. చుక్క బయట పడలే. అందుకే పానంతోటి వచ్చిన.”

మరి పైపు వంచుడు, అని మత్తయ్య మెల్లగ అడిగిండు. అదొక్కటి నిజమే అన్నడు అల్లుడు, మోకాలు తప్ప.

ఫోనేమైందని అనుపమ అడిగింది. బాయి కాడికి ఫోన్లు తేనియ్యరు, క్యాంపుల ఉండిపోయింది, క్యాంపు ఖాళీ చేయించిండ్రు అన్నడు. వేరేటోళ్లది అడుక్కోవద్దా అంటే, నంబరు యాదికి రాలేదన్నడు.

“పెండ్లై ఆరేండ్లు,” అని, చల్లారిన చాయ తెచ్చి ఆయన చేతుల పెట్టింది. అల్లుడు ఒక్క గుక్కల తాగిండు.

ఇదే అదునని నేను గొంతు సవరించుకున్న. “గదే మరి, ఆ పొద్దు నేను బిరడా కొట్టకుంటే...”

“బాపు,” అన్నది బిడ్డ. రెండు దినాల్ల గప్పుడే నవ్వింది. “అది మైసమ్మకు మొక్కిన కాయ. మొన్న మాపటిసంది నీ సంచిలనే ఉన్నది. ఇందాక వణికింది కాయ గాదు, నీ చెయ్యి.”

అందరు నా చెయ్యి దిక్కు చూసిండ్రు. అరచేతుల కాయ కదలకుంట పండుకున్నది.

“కింద నూనె అయిపోయినట్టున్నది,” అన్న.