సూదులు తియ్యకు వదినా

కదలడం లేదు వదినా. స్టూలెక్కమన్నావు ఎక్కాను, చేతులు చాపమన్నావు చాపాను, దిష్టిబొమ్మకైనా ఇంత ఓపిక ఉండదు. కానీ ఫ్యాను కూడా వేడిగాలి కొడుతున్న ఈ గదిలో నాకు ఉన్ని కోటు తొడిగి నిలబెట్టడం ఏం న్యాయం చెప్పు.

వద్దొద్దు, చెప్పకు. సూదులు తియ్యకు. కింద అంచంతా ఇంకా మిగిలే ఉంది, ఇవిగో, ఇంకో నాలుగు కూడా నోట్లో పెట్టుకో. నువ్వు నోరు తెరిస్తే నేను మూసుకోవాలి, అది మనింటి పద్ధతి. ఇవాళ్టికి గుండుసూదులు నా పక్షం.

మీ తమ్ముడు నీకు సగమే చెప్పుంటారు. మా హోటల్ వాళ్లు స్పానిష్ మాట్లాడే దేశాల్లో మూడు హోటళ్లు కొన్నారా, అక్కణ్ణుంచి ఇక్కడికి జనం గుంపులు గుంపులుగా దిగుతున్నారు. వాళ్లు చెప్పేది ఇక్కడ ఒక్కరికీ తెలీదు. అందుకని మా లాండ్రీలోంచి ఒక మనిషిని ఆర్నెల్లు అక్కడికి పంపుతారంట. వాళ్ల లాండ్రీలో వాళ్లతో దుప్పట్లు మడతపెట్టాలి, వాళ్లతోనే తినాలి, వాళ్లతోనే పోట్లాడాలి. భాష దానంతటదే అంటుకుంటుందంట, జలుబులాగా. బడి లేదు, పుస్తకం లేదు. ఐదో తరగతిలో పలక పగలగొట్టి బయటపడ్డదాన్ని, నాకింకేం కావాలి?

నన్నే ఎందుకు ఎంచారంటావా? అదో కథ. ఒకాయన చొక్కా మీద మరక చూపించి గడగడా ఏదో చెప్పాడు. నాకు ముక్క అర్థమైతే ఒట్టు. ఎప్పట్లాగే తలూపాను. ఆయన ఇంకాస్త చెప్పాడు, నేను ఇంకాస్త ఊపాను. మరక కంటికి కనబడుతూనే ఉంది కదా, వదలగొట్టి ఇస్త్రీ చేసిచ్చాను. మీ లాండ్రీ ఆమెకి మా భాష మీద మంచి పట్టుందని ఆయన తన గైడుతో మా మేనేజరమ్మకి చెప్పించాడంట. చూశావా, మీ ఇంట్లో నేర్చుకున్న విద్య ఎక్కడ అక్కరకొచ్చిందో.

మూడు దేశాల్లో ఏది క్షేమమనిపిస్తే అది నువ్వే ఎంచుకో అంది మేనేజరమ్మ. నువ్వే అంది వదినా. ఎవరినో అంటోందేమోనని వెనక్కి తిరిగి చూశాను.

ఆ పేర్లకు నాకు నోరు తిరగదు. గోడ మీది పటం చూసి నేనే పేర్లు పెట్టుకున్నాను. పెద్దదీ పాతదీ రాజుల దేశం. సన్నగా పొడుగ్గా వేలాడేది మిరపకాయ దేశం. రెండు సముద్రాల మధ్య బక్కగా ఉన్నది నడుం దేశం.

ఇక మీ తమ్ముడు ఫోను పట్టుకుని కూర్చున్నారు. రాజుల దేశంలో జేబుదొంగలంట. నా జేబులో ఏముంటాయి, ఊడిపోయిన బొత్తాలు. కొట్టేసి కుట్టించుకోనీ. మిరపకాయ దేశంలో భూమి కదుల్తుందంట. ఆయన గురకపెడితే మా ఇంట్లో గిన్నెలు కదలవూ? నడుం దేశం గురించి ఎంత తవ్వినా చెడ్డమాట దొరకలేదు. దొరకలేదంటే ఏదో దాస్తున్నారన్నమాట, అని తేల్చారు. నవ్వకు, సూది గుచ్చుకుంటుంది. నీ తమ్ముడే కదా.

అప్పుడు నువ్వు దిగావు. మిరపకాయ దేశంలో మా తోడికోడలి చెల్లెలుంది, మనవాళ్లుండగా భయమేంటి అన్నావు. అంతే, అక్కడి భూమి ఠక్కున ఆగిపోయింది. అక్కడ చలంట అని ఈ కోటూ మొదలెట్టావు.

ఆవిడ ఫోన్లో ఎంత ప్రేమగా మాట్లాడింది. మేడ మీద గది ఇస్తుందంట, కార్లో దింపి కార్లో తీసుకొస్తుందంట. "మీకెందుకండీ ఆ భాష గోల, పక్కన నేనుంటాగా, అన్నీ నేను మాట్లాడిపెడతా" అంది. నువ్వు మురిసిపోయావు. చూడు, దేవతలాంటి మనిషి అన్నావు. ఈత నేర్పిస్తానని ఏటికి తీసుకెళ్లి, భుజానెక్కించుకుని అవతలి ఒడ్డున దింపే దేవత.

మాట్లాడిపెట్టడం అంటే గుర్తొచ్చింది. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాం చూడు. ఎక్కడమ్మా నొప్పి అని ఆయన నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మీ తమ్ముడు కడుపు అన్నారు. నువ్వేమో కడుపు కాదు, గ్యాసు పైకి తన్నింది, గుండెల్లో అన్నావు. ఇద్దరూ కాసేపు వాదించుకుని కడుపు దగ్గర రాజీపడ్డారు. నాకు నొప్పి భుజం వదినా. తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ వచ్చిన నొప్పి. కడుపు మాత్రలు తెచ్చారు. మింగాను కూడా. అదిగో, ఇప్పుడు నువ్వు సూది పెడుతున్న భుజమే.

ఏం ఆగిపోయావు? కానీ, కానీ.

క్షేమం అంటే ఏంటో నేనూ ఆలోచించాను. మా మేనేజరమ్మని ఒక్కటే కనుక్కోమన్నాను. ఆ హోటళ్లలో బట్టలుతికే ఆడవాళ్లు పనయ్యాక ఇంటికెలా వెళ్తారు? ఆవిడ ఫోన్లు చేసి కనుక్కుంది. ఒకచోట బస్సెక్కుతారంట. ఒకచోట మొగుళ్లొచ్చి తీసుకెళ్తారంట. నడుం దేశంలో మాత్రం హోటల్ వెనక వీధిలోనే గదులు, అందరూ కలిసి నడుస్తూ, ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకుంటూ పోతారంట.

అక్కడ మన భాషవాళ్లెవరైనా ఉన్నారా అని కూడా అడిగాను. ఒక్కరూ లేరు, నీకు దిగులేస్తుందేమో అంది పాపం. నేను తలూపాను. దిగులనుకుంది.

వదినా, ఇవాళ పొద్దున చెప్పేశాను.

సూదులు. సూదులు జాగ్రత్త. ముందు మొత్తం విను.

కొన్నాళ్లుగా ఆరబెట్టే మిషను పక్కన నిలబడి, ఆ చప్పుడులో ఎవరికీ వినబడకుండా నడుం దేశం అసలు పేరు పలికి చూసుకుంటున్నాను. తీరా ఆవిడ ముందు నిలబడితే ఆవిడే ముందందుకుంది. "మీవాళ్లున్న దేశమే కదా, అదే రాసెయ్యనా?" అంది. తల ఊగబోయింది వదినా. అలవాటుపడ్డ తల, దాని తప్పేముంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఆపాను. తలనొప్పా అంది. కాదండీ, అని ఆ పేరు చెప్పాను. ముక్కలవకుండా మొత్తం చెప్పాను.

ఆవిడ సరే అంది. అంత తేలిగ్గా సరే అంటారని తెలిస్తే ఎప్పుడో మాట్లాడేదాన్ని.

భయం లేదా అని కదూ ఆ చూపు? ఉంది. దొంగలంటే కాదు, భూమి కదుల్తుందనీ కాదు. ఇన్నాళ్లూ నా నోటికి మీరే అడ్డమని తిట్టుకున్నాను. అక్కడ మీరెవరూ ఉండరు. అప్పటికీ నోరు పెగలకపోతే? ఎవరిమీదికి తొయ్యను? అందుకే వెళ్లి చూడాలి.

మీ తమ్ముడికి నువ్వేం చెప్పొద్దు. నేనే చెప్తా. ఆయన పెద్ద ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగి చెప్తా.

ఇంకొక్కటి, దీనికి నువ్వు తిట్టినా పడతాను. అక్కడ ఏడాది పొడుగునా ఉక్కపోతేనంట. ఈ కోటు నాకక్కర్లేదు. భుజాలు కాస్త వదులు చేసుకుంటే నీకు సరిపోతుంది.

ఇప్పుడు తియ్యి సూదులు. ఒక్కోటీ మెల్లగా, మింగేవు.