మంచి కన్నుకే పట్టీ

ఆ… హలో. నేనే అక్కా, సృజనను. వేములవాడ ఫొటోలు చూసిన.

…మంచిగనే వచ్చినయి. రాజన్న గుడిల కోడెను కట్టే మొక్కు అయిపోయిందా?… మంచిది.

అక్కా, ఒకటి అడుగుత. మహి కన్నుకు పెట్టిన పట్టీ… ఏ కన్నుకున్నది?

…కాదు, ఫొటోల ఎడమకన్నుకున్నది. సెల్ఫీల కుడి ఎడమయితదని నాకు తెల్వదా? వెనుక కొబ్బరికాయల దుకాణం బోర్డు సక్కగనే చదువస్తుంది. ఫొటో తిరగలే.

…ఎడమకేనా?

ఎన్ని దినాలసంది?

…బతుకమ్మ కాడి నుంచా!

అక్కా, మబ్బుగున్నదే ఎడమకన్ను. కరీంనగర్ల డాక్టర్ ఏం చెప్పిండు? నేను నీ పక్కన్నే కూసున్న గద. మంచి కన్ను మూస్తెనే మబ్బు కన్నుకు పని పడుతది, రోజుకు రెండు గంటలు, కుడికన్నుకే పెట్టాలె అని…

…పుండయితే పుండు మీదనే పట్టీ కడుతం గదా, అనా? ఎవరన్నరు, మీ అత్తమ్మనా?

…గదొక్కటే కాదు. నిజం చెప్పు.

…

…ఆ.

…మెల్లకన్ను కనవడకుంట.

థూ!

…నిన్ను కాదు. కాదు, నిన్ను గూడ. నీ ఆడబిడ్డకు సంబంధాలు చూస్తుండ్రని, ఏడేండ్ల పోరి కన్ను మూసి ఫొటోల నిలవెట్టిండ్రా? జ్యోతిరాణికి తెలుసా, తన పెండ్లి కోసం గీ పని జరుగుతుందని?

…కుడికన్ను మూస్తే కింద పడుతుండె, ఏడుస్తుండె, సరే. గది నాకు సమజయితది. ఏడుపు చూడలేక పట్టీ తీసేస్తే తల్లి పానం అనుకుందు. కని తీసి ఇంకో కన్నుకు పెట్టిండ్రు చూడు…

బావకు ఎరుకేనా?… అవును, షిఫ్టుల పడి మనిషికి తిండి సోయే ఉండదు, పట్టీ ఏడ చూస్తడు.

…“పెద్ద సదువు సదివినవు” అని ఎత్తిపొడువకు. జర విను. నాలుగేండ్లసంది హైదరాబాద్‌ల నేను చేసేది గీ పనే. ఎలుకల మెదడు చూసుడు. రెండు నరాల కణాలు కలిసే జాగ ఉంటది, సినాప్స్ అంటరు. చిన్నప్పుడు గవి చానా మటుకు మూగగుంటయి. సైలెంట్ సినాప్స్‌లు. ముడి పడే ఉంటది. గా దిక్కు కణం కబురు పంపుతనే ఉంటది, గీ దిక్కుది అందుకోదు.

…చచ్చినయి కాదే! మూగయి. చచ్చినదానికీ, మూగదానికీ ఫరక్ లేదా?

కన్ను చూస్తుంటే, మళ్ళమళ్ళ పని పడుతుంటే, గవి ఒక్కొక్కటి అందుకుంటయి. పని పడకుంటే కొన్ని అట్లనే ఉంటయి, కొన్ని ఊడిపోతయి. మనిషి కన్నుకు అచ్చం గింతే అని నేను ఒట్టు పెట్టను. కని డాక్టర్ చెప్పింది గీ తీరుగనే. నేర్చుకోవాల్సింది ఎడమకన్ను. మీరు దాని నోరే మూసిండ్రు.

…ఉన్నది, టైమున్నది. ఏడేండ్లే గద. పెద్ద ఎలుకలల్ల గూడ గీ మూగయి మిగిలి ఉన్నయని చూసిండ్రు. కని పని చెప్పేటోళ్ళు ఉండాలె.

…నన్నంటున్నవా? అను. అనాల్సిందే. ప్రతి ఫొటోకు లైకు కొట్టిన. నువ్వు ఫోన్ ఎత్తకముందు పాతయన్ని ముంగటేసుకొని చూసిన. బతుకమ్మ కాడ, పుట్టినరోజు కాడ, బడి దగ్గర… అన్నిట్ల ఎడమకన్నుకే. పొద్దంత మైక్రోస్కోపుల కండ్లు పెట్టి కూసునేదాన్ని, మన పోరి మొఖం మీదున్నది కనవడకపాయె. నా మీద నాకే అసహ్యమయితుంది.

మహి ఏది?… స్పీకర్ పెట్టి ఇయ్యి. నువ్వు దాని ముంగట కూసో.

మహీ… నేను, చిన్నమ్మను. ఏం తిన్నవ్?… లడ్డు మొత్తం నువ్వేనా, దొంగదానా!… ఇగో, పట్టీ మెల్లగ తియ్యి. తీసి గా కన్నుకు పెట్టు. అన్నం తినే చెయ్యి దిక్కు కన్నుకు… ఆఁ. ఇప్పుడు అమ్మ దిక్కు చూడు. ఏం కనవడుతుంది?

…పచ్చ చీర. ఇంకా?

…అమ్మ మొఖం? ముక్కు, కండ్లు?

…

లేవా?

…ఏం గాదు బిడ్డా. నీ తప్పేం లేదు. పట్టీ తియ్యకు, అమ్మ దగ్గర్నే కూసో.

అక్కా… విన్నవా?

…ఏడువకు. పోరి చూస్తుంది… చూస్తలేదు, కని వింటది. ఏడువకు.

…రేపు ఎవలస్తుండ్రు?… జ్యోతిరాణిని చూడ పిల్లగాని తరఫోళ్ళా? “రేపొక్క దినం” అని ఎవలంటుండ్రు పక్కనుంచి? అత్తమ్మనా? ఫోన్ ఆమెకియ్యి.

…ఎరుకే. ఆమెతోని “బాగున్నరా” తప్ప ఎన్నడు ఏం మాట్లాడలే. ఇయ్యక్కా.

నమస్తే అత్తమ్మా… మంచిగున్న. మహి కన్ను గురించి.

…అవును, ఎలుకలను కోసేదాన్నే.

…నిజమే, నాకు పెండ్లి గాలే, పిల్లలు లేరు.

…రేపు గూడ పట్టీ కుడికన్నుకే ఉండాలె. ఆ, మెల్లకన్ను కనవడుతది. కనవడనియ్యుండ్రి. గది చూసి లేచిపోయేటోళ్ళయితే పోనియ్యుండ్రి.

…మహిని ఏడ కూసోవెడుతరు? పక్కింటి కైలాసం సార్ క్వార్టర్లనా? వాళ్ళు తిని పోయేదాకనా? పోరిని దాస్తరా అత్తమ్మా? గదేమన్న దొంగతనం చేసిందా?

…ఇజ్జత్… ఎవలి ఇజ్జత్?

…వద్దు, ఒర్రకుండ్రి. పోరి వింటుంది. నేను పొద్దుగాల రైలుకు మీ నస్పూర్ వస్తున్న.

…పిలువకున్నా వస్త. వాళ్ళ ముంగట మహి పక్కన నేను కూసుంట. గా పట్టీ ఏందని అడిగితే మీరు చెప్పకుండ్రి, నేనే చెప్—

హలో?

…అత్తమ్మా?

హలో…