మూడో దెబ్బ

హలో… ఆ, నేనే.

ఈ నంబరేంటి, వార్డు ఫోనా?… నీ సెల్లుకేమైంది?… ఛార్జింగ్ పెట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుంటావ్ తల్లీ నువ్వు.

ఆ, ఇంట్లోనే. వంటింట్లో ఉన్నా.

…త్వరగా వచ్చేశా. బస్సు — బస్సు ఆగిపోయింది ఇవాళ, మధ్యలోనే.

గొంతా? గొంతుకేం, బాగానే ఉంది. పన్ను సలుపుతోంది, అందుకే మాట ముద్దగా వస్తోంది. …చూపిస్తాలే రేపు. ముందు ఇది చెప్పు. నీ కూతురు స్కూలు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ పాస్తా పాస్తా అని ప్రాణం తీస్తోంది. అదే, నువ్వు చేస్తావే, అన్నీ ఒకే గిన్నెలో వేసి, తెల్లగా, చిక్కగా, కారంగా… ఆ, చికెన్‌ది. నువ్వు ఎనిమిదికి వస్తావు, అప్పటిదాకా ఆగలేదట మహారాణి. నేనే మొదలుపెట్టా.

…నవ్వకు. చికెన్ కోసేశా. తొడ ముక్కలు, ఎముక తీసేసి, వేలెడంత ముక్కలు. ఉప్పు, మిరియాల పొడి, రెండు చెంచాల కారం పట్టించా. …ఎక్కువా? ముక్కు కారితేనే కారం అంటోంది మరి నీ కూతురు!

నూనె కాగింది. వేసెయ్యనా?… అన్నీ ఒకేసారి వద్దా. …సరే, ఎడంగా పరుస్తా. కదపను. ఆ, విను, చుయ్యిమంటోంది.

పిచ్చుకా, దూరం జరుగు! నూనె చిందుతుందంటే వినపడదా? మొద్దుమొహమా!

…ఏంలేదు, దాని మీద కాస్త గట్టిగా అరిచా. బిక్కచచ్చిపోయింది పిల్ల. …లేదమ్మా, నిన్ను కాదు. రా, స్టూలు మీద కూర్చో. నాన్నకి పన్ను నొప్పి, అందుకే.

నువ్వెప్పుడొస్తావ్?… లేటా? ఎందుకు?

…కేసొచ్చిందా.

…ఏమన్నావ్? మళ్ళీ చెప్పు, ఈ చప్పుడుకి వినిపించలేదు.

బస్సు డ్రైవరు కొట్టాడా. బైకు మీద పోయే మనిషిని. నడిరోడ్డు మీద.

…ఉన్నా. లైన్లోనే ఉన్నా. ముక్కలు తిప్పుతున్నా.

ఎలా ఉన్నాడు వాడు?… తలకా. …స్పృహే లేదా.

చొక్కా ఏ రంగు?

…ఊరికే అడిగానే. చెప్పు.

నీలం గళ్ళు.

…పిచ్చుకా, కిందకెళ్ళి పిన్నిగార్ని కాస్త చీజ్ అడిగి పట్టుకురా. మనది చాలదు. …చాలదంటున్నాగా. కాసేపు వాళ్ళ కుక్కపిల్లతో ఆడుకో, తొందరేం లేదు. నేను పిలిచాకే రా. తలుపు దగ్గరగా వెయ్యి.

వెళ్ళింది.

ఇదిగో. నిలబడి ఉన్నావా, కూర్చున్నావా?… కూర్చో. పక్కన ఎవరూ లేరుగా?

ఆ డ్రైవరు నేనే.

…

హలో?

…నేనేనే. నేనే కొట్టా. పన్ను నొప్పేం కాదు. రెండు పళ్ళు ఊడాయి, పెదవి చీలింది. వాడు హెల్మెట్‌తో కొట్టాడు మొహం మీద.

ఏడవకు. ఎవరైనా చూస్తారు. విను ముందు.

నాలుగున్నరకి. మార్కెట్ మలుపు దగ్గర. వాడి బైకు అద్దానికి బస్సు తగిలిందట — తగిలిందో లేదో ఒట్టు, నాకు తెలీదు. బైకు అడ్డం పెట్టి పైకెక్కాడు. బస్సులో నలభై మంది. వాళ్ళందరి ముందూ కాలరు పట్టుకుని, మూటని లాగినట్టు మెట్ల మీంచి ఈడ్చేశాడు నన్ను. మోకాళ్ళు ఒక్కో మెట్టుకీ కొట్టుకున్నాయి. కింద పడ్డాక హెల్మెట్ తిరగేసి ఒకటి. ఇంకోటి. నోట్లో ఏదో గట్టిగా తగిలితే రాయనుకున్నా. ఉమ్మితే పన్ను.

…కండక్టరు పాపం అడ్డం వచ్చాడు, వాణ్ణీ ఒక్క తోపు తోశాడు. …జనమా? జనం ఫోన్లు తీశారు. ఒకాయనైతే కొంచెం పక్కకి జరగమన్నాడు నన్ను, సరిగ్గా పడట్లేదట.

…ఎందుకు ఊరుకోలేదంటే ఏం చెప్పనూ. ఇరవై రెండేళ్ళు ఊరుకున్నా. మొహం మీద ఉమ్మితే ఊరుకున్నా. ఒకామె చెప్పు విసిరితే తీసి తిరిగిచ్చా. నీకు చెప్పలేదవన్నీ. ఎందుకు చెప్పడం? నా సీటు కింద వీల్ పానా ఉంటుంది, టైరు బోల్టులు విప్పేది. పాక్కుంటూ వెళ్ళి తీశా. లేచి ఒక్కటేశా.

…ఒక్కటే. ఒక్కటే అంటున్నాగా.

భుజం మీద. పడిపోయాడు. పడ్డప్పుడు తల రోడ్డుకి తగిలుంటుంది.

…ఏంటి?

…గాయాలు కడిగింది నువ్వేనా?

…భుజం ఎముక, సరే. …మోచెయ్యా. ఆ, అది రెండోది. చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండిన కట్టె విరిగినట్టు వినిపించింది.

…తల వెనకా.

…తెలుసు. నీకు తెలిసిపోతుందని తెలుసు నాకు. రోడ్డు దెబ్బేదో ఇనుము దెబ్బేదో నీకు నేను చెప్పాలా.

మూడు. మూడు కొట్టా.

ఆగు, మాడుతోంది. ముక్కలు తీసి పళ్ళెంలో పెడుతున్నా. …కట్టెయ్యను. వండుతూనే మాట్లాడతా. చేతులకి ఏదో ఒక పని ఉండాలి. ఉల్లిపాయలు వేస్తున్నా అదే నూనెలో. వెల్లుల్లి కూడా.

…మూడోదా?

రెండో దెబ్బకే అయిపోయింది వాడి పని. మోకాళ్ళ మీద ఉన్నాడు, నావైపు వీపు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో రోడ్డంతా తడుముకుంటున్నాడు. కళ్ళజోడు కోసం. ఆ కళ్ళజోడు నా కాలి పక్కనే ఉంది. నాకు కనిపిస్తోంది. వాడికి కనిపించడం లేదు.

అప్పుడు కొట్టా.

…కాదు. కోపం కాదు. అదే చెప్తున్నా నీకు, కోపం అప్పటికే దిగిపోయింది. వంగి తీసి వాడి చేతికివ్వొచ్చు, అంత తీరిక ఉంది నాకు. ఇవ్వలేదు. గురి చూసుకుని, రెండు చేతులా ఎత్తి కొట్టా. కొట్టినప్పుడు… బాగుంది. ఒళ్ళంతా దూదిపింజలా తేలికైపోయింది. ఎవరికి చెప్పుకోను ఈ మాట? నీకే చెప్తున్నా.

…తిట్టు. తిట్టవే.

…పారిపోయా. నలభై మందినీ రోడ్డు మీద వదిలేసి, సందులు పట్టుకుని వచ్చేశా. దారిలో ఆగి చికెన్ కొన్నా. నమ్ముతావా? పొద్దున దానికి మాటిచ్చా కదా అని. షాపువాడు నోటికేమైందన్నాడు, పడ్డానన్నా. రక్తం ఉన్న చొక్కాతో చికెన్ షాపులో నిలబడితే ఎవడు మాత్రం అనుమానిస్తాడు? …పానానా? దాన్నీ సంచిలో వేసుకొచ్చా. బాత్రూమ్ బకెట్లో ఉంది. కడిగా. కడుగుతుంటే జుట్టు… వద్దులే.

…మీ అన్నయ్య ఊరికి పారిపోవాలా? ఇప్పుడేనా?

…పిల్లని పిన్నిగారి దగ్గర వదిలేసి. …ఊఁ. వింటున్నా.

…ఏం రాస్తావ్ కేసు కాగితంలో? రోడ్డుకి తగిలిన గాయం అనా? మతి ఉందా నీకు? డాక్టరు అది చదివే కదా చూసేది. వెనకాల లోపల ఏం పగిలిందో ఎవరు చూస్తారు అప్పుడు? వాడు చచ్చిపోతాడే. …నా కోసమైనా వద్దు. ఉన్నదున్నట్టు రాయి. వెనక నుంచి, ఇనుముతో. రాయి.

…ఏంటా మోత? మెషీనా?

…వాడిదేనా? వెళ్ళు. వెళ్ళవే, పరిగెత్తు!

హలో?… హలో?

ఫోన్ పెట్టెయ్యలేదు. బల్ల మీద పడేసి పోయింది.

టమాటా వేశా. నీళ్ళు… నాలుగు కప్పులందా, ఐదందా… పాస్తా ఇందులోనే పొయ్యాలి. విడిగా ఉడికించక్కర్లేదంది. చికెన్ కూడా ఇందులోకే. మూత.

హలో? ఏమైంది?… ఎవరండీ?

…లేదండీ, నేను… ఆ నర్సమ్మ మా ఆవిడండి. మీరు…

…మీ అబ్బాయా.

…అవునమ్మా. బాగా చూస్తుంది. చేతనైనంతా చేస్తుందమ్మా. …మీకు మంచినీళ్ళిచ్చిందా. అలాంటిదేనమ్మా తను.

…లోపల డాక్టర్లు ఉన్నారుగా. ఉన్నారు. చూస్తారు.

…ఏం చేస్తుంటాడమ్మా అబ్బాయి?… గడియారాలు బాగుచేస్తాడా. …మోచెయ్యి విరిగింది కుడిదేనా?

…కాదమ్మా, తనే చెప్పింది. ఇందాక ఫోన్లో.

…కోపం ఎక్కువా. చిన్నప్పటి నుంచీనా. …మీ మీద కూడా చేసుకున్నాడా చెయ్యి?… ఏడ్చాడా తర్వాత. …అవునమ్మా. ఎలాంటివాడైనా మీ కడుపున పుట్టినవాడు.

…ఆ డ్రైవరు చేతులు పడిపోవాలంటారా. ఆ. పడిపోవాలమ్మా. …వాడికీ పిల్లలుంటారు. ఉంటారమ్మా. ఒక పాప.

…

ఎలా తెలుసంటే… అమ్మా, ఫోన్ పెట్టకండి. కొట్టింది నేను.

…

…తమాషా కాదమ్మా. ఎవరైనా ఇలాంటి తమాషా చేస్తారా. నేనే. …మీ అబ్బాయి మొదలుపెట్టాడు, నిజమే, కానీ ఆఖరిది నాది. ఆయన నా వైపు చూడటం కూడా లేదు. కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. …మా ఆవిడకి ఏమీ తెలీదు, ఇప్పుడే చెప్పా. ఆవిణ్ణి ఏమీ —

…ఎవరు? ఎవరది?

…తమ్ముడివా. …ఆ, నేనే కొట్టా. …నరుకు బాబూ. నేను కాదనను. …వస్తావా ఇంటికి? ఇంట్లో పదేళ్ళ పిల్ల ఉంది. వీధి చివరికి రా, నేనే వస్తా, ఉత్త చేతులతో వస్తా. …నర్సుని ఏమీ అనకు. ఆవిడకేం సంబంధం? …బాబూ! ఆవిడ మీ అన్నని బతికిస్తోందిరా! ముట్టుకోకు!

ఒరేయ్! వదులు! వదలరా!

హలో! ఏయ్! ఎవరైనా ఉన్నారా అక్కడ? పట్టుకోండి వాణ్ణి! …ఏంటది పగిలింది? నువ్వేనా అరిచింది? మాట్లాడు! ఒరేయ్, దాని మీద చెయ్యి పడిందంటే వచ్చి నీ తల కూడా —

…

…

…హలో. నువ్వేనా? అమ్మయ్య. ఎక్కడ తగిలింది?

…దవడ మీదా. …జుట్టు పట్టుకుని అద్దాల బీరువాకేసి కొట్టాడా. రక్తం ఎంత పోతోంది? …కుట్లు అక్కర్లేదని నువ్వు చెప్తావేంటి, డాక్టర్ని చెప్పనీ!

వాడెక్కడ ఇప్పుడు?… ఆవిడ ఆపిందా? తల్లే? …మధ్యలోకొచ్చి పడిందా. నీకు తగలాల్సింది ఆవిడకి తగిలిందా.

…

…లేదు. బకెట్ దగ్గరేం లేను. …అవును, బాత్రూమ్‌లోనే ఉన్నా. ఎలా తెలిసింది నీకు? గొంతు గుయ్యిమంటోందా.

…చేతిలోనే ఉంది. తడిగా ఉంది.

…నిన్ను కొట్టాడే వాడు! అద్దంలోకేసి కొట్టాడు! నేనిక్కడ గరిటె తిప్పుకుంటూ కూర్చోనా?

…

…చెప్పు. వింటున్నా. …ఊఁ.

…ఊఁ.

…కాదు. వాడు కొట్టింది నేను కొట్టినందుకే. నువ్వు చెప్పక్కర్లేదు. …నేను వచ్చి వాణ్ణి కొడితే, వాడి వెనకాల ఇంకెవడో ఉంటాడు. సరే. …సరే అన్నాగా. కింద పెట్టేశా. చప్పుడు వినిపించిందా? పెట్టేశా. వంటింట్లోకి వచ్చేశా, చూడు, మూత తీస్తున్నా.

అబ్బాయి సంగతి చెప్పు. …ఆగిన గుండె మళ్ళీ కొట్టుకుంటోందా. …ఎప్పుడు తీసుకెళ్ళారు ఆపరేషన్‌కి? …బతుకుతాడో లేదో చెప్పలేరా. …సగం సగం. సరే.

…రాశావా కాగితంలో? ఏమని? …వెనక నుంచి, ఇనుముతో. మంచిది. మంచి పని చేశావ్.

…ఆ, పోలీసులు అక్కడికొస్తారు కదా ఎలాగూ. నేను ముందే వెళ్తా స్టేషన్‌కి. ఆ పానా తువ్వాల్లో చుట్టుకుని నేనే తీసుకెళ్ళి బల్ల మీద పెడతా. …నువ్వు రాకు. ఆపరేషన్ అయ్యేదాకా ఆ తల్లి దగ్గర కూర్చో. …ఛీ కొడుతుంది. కొట్టనీ. లేచి వెళ్ళిపొమ్మంటే కొంచెం దూరంగా కూర్చో, అంతేకానీ వదిలి రాకు.

…పాస్తానా? ఉడికింది. నీళ్ళు చిక్కబడ్డాయి. క్రీమ్ ఎప్పుడు?… మంట తగ్గించాకా. లేకపోతే విరుగుతుందా. సరే, తగ్గించా. పోస్తున్నా. …ఎర్రగా ఉన్నదంతా తెల్లబడుతోంది. నువ్వు చేసినట్టే ఉంది చూడటానికి. రుచి చూశా, పెదవి భగ్గుమంది.

…నేను తినలేనులే. దానికి పెడతా. రాత్రికి పిన్నిగారి దగ్గర పడుకుంటుంది.

…నేనే చెప్తా దానికి. నువ్వు కాదు, నేనే. …బస్సు మెట్ల మీద పడ్డానని కాదు. నాన్న ఒక మనిషిని కొట్టాడు, ఆ మనిషి అటు తిరిగి ఉంటే కొట్టాడు అని చెప్తా. …భయపడుతుంది. పడనీ. రేపు ఎవడి ఫోన్‌లోనో చూడ్డం కంటే నా నోట వినడం నయం కదే.

…నాకూ భయంగానే ఉంది.

…ఏమో, ఎన్నేళ్ళో. అడగకు.

ఇదిగో, పిలవకుండానే వచ్చేస్తోంది. మెట్లెక్కుతూ ఏదో పాడుకుంటోంది, వినిపిస్తోందా?… కాదు, దానికి వచ్చిన పాట కాదు, సొంతంగా కడుతోంది. చీజ్ మీద. …విను ఒక్క నిమిషం. మాట్లాడకు, విను.

…చాలు. తలుపు దగ్గరికొచ్చేసింది. నేను దానితో మాట్లాడాలి. పెట్టేస్తున్నా.