చిన్న కేసు చాలు

పొద్దున్నే స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు ముందు తాళాల మేస్త్రి నిలబడ్డాడు.

“మళ్లీ చెప్పు. ఏం దొంగిలించావ్?”

“సైకిలండి. టైలరుగారిది. నిన్న దీపాలు పెట్టే వేళ. బయట స్టాండేసి వచ్చాను.”

“అబ్బో, సైకిలే! బలగాల్ని దింపమంటావా? బ్యాంకు ముంచినవాడొస్తే కుర్చీ వేసి ఫ్యాను తిప్పుతాం. హంతకుడొస్తే జీపు, ఫొటోలు. సైకిలుకేముందయ్యా, రెండు తగిలించి పొమ్మనడమే.”

“తగిలించండి. కేసు మాత్రం రాయండి హెడ్డుగారూ.”

“మీ బావతో షాపు గొడవలో మతి పోయినట్టుంది. తేలిందా అది?”

“తేలిపోయిందండి. దీనికి శిక్ష ఎంత పడుతుంది?”

“కొన్నాళ్లు జైలు. సైకిలుకి ఉరి వెయ్యర్లే, బెంగపడకు.”

“హమ్మయ్య. రాయండి మరి. నెలాఖరు కదా, ఒక్క దొంగా దొరకలేదని పెద్దసారు మిమ్మల్ని నలుగురిలో...”

“ఆపు! ఆయన నోటికి జడిసే కదా ఛస్తున్నాను... ఊఁ. కానీ నీ అంతట నువ్వే వచ్చావంటే నా గొప్పేముంది? ఇలా రాస్తా. నేను గస్తీలో ఉండగా, దీపాలు పెట్టే వేళ, సైకిలుతో పారిపోతున్నవాణ్ణి వెంటపడి పట్టుకున్నాను. రాత్రంతా లాకప్పులో ఉంచాను.”

“అయ్యో, అంత అబద్ధమెందుకండీ?”

“నోర్ముయ్. పోలీసు రాసిందే జరిగింది. ఇదిగో, నా సంతకం. కింద నువ్వూ పెట్టు... ఎవరక్కడ? ఇది కోర్టులో ఇచ్చి రా!”

“...అరగంటైంది. కాగితం చేరిపోయుంటుందాండీ?”

“చేరే ఉంటుంది. ఏం తొందర నీకు, పెళ్లికొడుకులా? ఉండు, ఫోను... హలో, సార్! పట్టాను సార్, సైకిలు దొంగని! నిన్న నేనే స్వయంగా, పరిగెత్తి మరీ... ఆఁ? హత్యా? ఊరి ఆ చివరా? నిన్న దీపాలు పెట్టే వేళా? ఎవరు సార్... తాళాల షాపాయనా? బామ్మర్ది మీద... అనుమానమా? ఉంటాను సార్... ఒరేయ్! మీ బావని...”

“లాఠీ దించండి హెడ్డుగారూ. పాపం బావ. పెద్ద కేసు కదా, జీపు వేసుకెళ్లి వెతకండి, ఎవడు చంపాడో. నేనైతే ఆ వేళకి మీ చేతికి చిక్కే ఉన్నాను కదండీ... పరిగెత్తి మరీ పట్టుకున్నారు.”