నాడెలో వాసన

ఆదోని మార్కెట్ యార్డు వెనక డాక్టర్ మోయిన్ పళ్ళ ఆస్పత్రి. ఎమ్మిగనూరు నుంచి పొద్దున బస్సుకు వచ్చిన నేతగత్తె మహాదేవి కుర్చీలో నోరు తెరిచి ఉంది. పంతొమ్మిదేళ్ళ కూతురు హర్షిణి లోపలికి రాకుండా వాకిలి పట్టుకుని నిలబడింది.

"…ఇంకొంచెం తెరువు మహాదేవమ్మా. ఆ, అట్ల. నాలుక బయటికి పెట్టు."

"వచ్చిందా సార్?"

"నోరు మూస్తే ఎట్ల చూసేది? తెరువు."

"వచ్చిందా అని అడుగుతాండా. మీ ముక్కుకు తగిలిందా, ల్యాదా?"

"మాస్కు తీసి దగ్గరికొచ్చి రెండుసార్లు చూసినా. ఏ వాసనా లేదమ్మా."

"ఇంగోసారి సూడు సార్. బస్సు చార్జీలు పెట్టుకొని వచ్చింది ల్యాదనిపించుకోనీకి కాదు."

"సార్, మా అమ్మ మాటలకేం గానీ మందు రాసియ్యండి. నోట్లో పోసుకొని పుక్కిలించేది ఉంటాది గదా, నీలం రంగుది. రెండు సీసాలు రాయండి."

"నువ్వు వాకిలికాడ నిలబడి మాట్లాడితే సగం వినపడదు పాపా. ఈడ స్టూలుంది, వచ్చి కూర్చో."

"వద్దు సార్. జలుబు. మీకు అంటుకుంటాది."

"జలుబైతే చున్నీ అట్ల నోటికి కుక్కుకుంటే ఊపిరెట్లాడేది? సరే, నీ ఇష్టం. వినమ్మా మహాదేవమ్మా. నోరు వాసనొస్తుందని వచ్చే పదిమందిలో ఎనిమిదిమందికి కారణం నోట్లోనే ఉంటుంది. నాలుక వెనక పాచి కట్టినా వస్తుంది. చిగుళ్ళు వాచి నెత్తురు కారినా, పిప్పిపన్నులో అన్నం ఇరుక్కున్నా వస్తుంది. నీళ్ళు తాగక నోరెండిపోయినా వస్తుంది. వక్కాకు, పొగాకు సంగతి సరేసరి. నీకివేవీ లేవు. నాలుక మాత్రం పుండులాగుంది. ఏం చేసినావు దాన్ని?"

"గీకుతాది సార్. దినానికి ఆరుసార్లు. నెత్తురొచ్చేదాకా."

"నువ్వూరుకోవే. వేపపుల్లయింది సార్, పటిక నీళ్ళయినాయి, పుదీనా, లవంగం, సోంపు, అన్నీ అయినాయి. నేను గీకితే పోయేది కాదది."

"ఆరుసార్లు గీకద్దు. పొద్దున ఒకసారి, పడుకునేముందు ఒకసారి, మెత్తగా. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించు. లవంగం, పుదీనా వాసనను కప్పిపెడతాయి గానీ పోగొట్టవు. దుప్పటి కప్పితే జ్వరం పోతుందా?"

"కప్పిపెట్టినా సాలు సార్. ఒగ లవంగం ఎంతసేపు కప్పుతాది?"

"ఎవరికి పాపా?"

"ఎవరికేంటి సార్. అమ్మకే."

"గొంతులో టాన్సిల్స్ చూసినా, గడ్డలు లేవు. ముక్కు బాగుంది. కడుపులో మంట, పుల్లటి తేపులు?"

"ఏమీ ల్యావు."

"మరి ఈ వాసన నీకెప్పుడు తగులుతుంది?"

"నాడె నోటికి పెట్టుకున్నప్పుడు."

"నాడె అంటే, మగ్గమ్మీద అటూ ఇటూ పోతుందే, ఆ కొయ్య?"

"అదే. దాంట్లో దారం కండె పెట్టి, పక్కన సన్న బెజ్జం ఉంటాది, దానికి నోరానించి పీలిస్తే దారం కొస బయటికొస్తాది. కండె అయిపోయినప్పుడల్లా పీల్సాల్సిందే. మగ్గం ముందర ఎవరు కూసుంటే వాళ్ళ నోరు. మా ఆయనా నేనూ ఇరవై ఏండ్లు ఒక్క నాడెనే పీల్సినాం సార్. ఎంగిలి అని ఏనాడూ అనుకోలే."

"ఆయన…"

"పోయి ఏడాదాయె."

"సార్, ఆ మాటలిప్పుడెందుకు సార్. అమ్మా, నువ్వు నోటి సంగతి సెప్పు సాలు."

"నోటి సంగతే సెప్తాండా. నరసప్ప ఆయన పేరు. పోయేముందర ఆయనకి నోరు వాసనొచ్చింది. కుళ్ళు వాసన కాదు సార్. తియ్యగా, బాగా మాగి పగిలిన పండు లెక్క. గోళ్ళరంగు తుడిసే నీళ్ళుంటాయి గదా, కొంచెం అట్ల. నేనేమనుకున్నానంటే…"

"తాగినాడనుకున్నావు."

"మీకెట్ల తెలిసె?"

"చానామంది అట్లనే అనుకుంటారు. చెప్పు."

"మేం లింగం కట్టినోళ్ళం సార్. ఆయన మెళ్ళో లింగం తియ్యకుండా బతికిన మనిషి. ఆయన్ను పట్టుకొని, లింగం తీసి గూట్లో పెట్టు, తాగుబోతు మెళ్ళో శివుడెందుకు అన్నా. ఇంట్లో కాదు, వీధిలో నిలబెట్టి అన్నా. మగ్గాలాపి మరీ ఇన్నారందరూ. చెంబులు చెంబులు నీళ్ళు తాగుతాంటే, రాత్రి పోసుకున్నోనికే పొద్దున ఈ దప్పిక అన్నా. అంగడికి పోయి నాకొగ నాడె ఏరే కొనుక్కొచ్చుకున్నా. ఆయన నోరు పెట్టింది నేను ముట్టుకోలే."

"ఆయనేమన్నాడు?"

"ఒగనాడు ప్రమాణం సేసినాడు. నేను నమ్మలే. అప్పటినుంచి నోటికి తువ్వాల కట్టుకొని నేసినాడు. నోరు తెరిస్తే నాకు వాసనొస్తాదని మాట్లాడేదే మానేసినాడు సార్. నెల దినాలు. ఒగ పొద్దు మగ్గం గుంతలో కూసున్నోడు అట్లనే పక్కకొరిగిపోయినాడు. కర్నూలుకు తీస్కపోయినాం. మూడో దినం పోయినాడు. తాగి తాగి పోయినాడా సార్ అని నేనే అడిగినా, బుద్ధి లేక. ఒక్క చుక్క ల్యాదమ్మా, సుగరు అన్నారు. ఈయనకు సుగరుందని మీకెవరికీ తెలీదా అన్నారు."

"ఒంట్లో సుగర్ మితిమీరి, దాన్ని వాడుకునే శక్తి ఒంటికి లేనప్పుడు లోపలి కొవ్వు కరిగి విషమవుతుంది. అది ఊపిరిలో బయటికొస్తుంది. ఆ వాసనే నువ్వు చెప్పేది. పళ్ళు తోమితే పోదు, పుక్కిలిస్తే పోదు. ఆ పూటే ఆస్పత్రిలో పడాల. ఇన్సులిన్, సెలైన్ పెడితే…"

"పెడితే బతికుండునా?"

"నేను పళ్ళ డాక్టర్నమ్మా."

"బతికుండునా సార్?"

"…చానామంది బతుకుతారు."

"ఆ. అందుకే వచ్చినాడు."

"ఎవరు?"

"ఆయనే. నేను కొన్న నాడెను పొయ్యిలో పెట్టి, ఆయన పీల్సిన నాడెనే పట్టుకున్నా సార్. ఏడాదంతా ఏమీ రాలే. మొన్న ఉగాది ఎల్లినంక మొదులైంది. నాడె నోటికి పెట్టంగానే అదే వాసన. రాత్రి పండుకుంటే పక్కలోంచి అదే. తెల్లార్జామున మెలకువొస్తే నా మొగమ్మీదే. నా నోట్లో సేరినాడు సార్. నువ్వసహ్యపడితివి గదా, ఇంగ మోయి అంటాండాడు."

"భయమైతుందా?"

"భయం యాడిది. తప్పైపోయింది సామీ అని ఆ నాడెకు సెప్పుకుంటాండా. ఈ పిల్లనే ఎంటబడి తీస్కొచ్చింది, డాక్టరు కాడికి పోదాం, వాసనకు మందడుగుదాం అని. నాకు మందొద్దు సార్. పోగొట్టద్దు. ఉండాదని ఒక్క మాట సెప్పు సాలు. ల్యాదంటే నాకు పిచ్చి పట్టిందంటారు."

"నీకు పిచ్చి లేదు. నీ నోట్లో వాసనా లేదు. రాత్రి పక్కలోంచి అన్నావు. నీ పక్కలో పడుకునేదెవరు?"

"ఎవరుంటారు సార్? ఉన్నేది ఇద్దరమే గదా. ఇదే పండుకుంటాది."

"నువ్వు పొయ్యికాడికి లేస్తే మగ్గమ్మీద?"

"ఇదే కూసుంటాది. నేనొచ్చినాక లేస్తాది. యాటికి అడుగుతాండారు సార్?"

"సార్, పదకొండు గంటల బస్సు పోతాది మాకు. ఆ సీసాలు రాసియ్యండి, పోతాం."

"పోదువులే. ఆ చేతిలో నీళ్ళ బాటిల్ ఎన్నోది పాపా?"

"ఎండలు గదా సార్."

"వచ్చి గంట కాలేదు, మూడుసార్లు బాత్రూముకు పోయినావు."

"జలుబని సెప్తిని గదా."

"జలుబుకు బాత్రూమా? మహాదేవమ్మా, పిల్ల ఈ మధ్య చిక్కిందా?"

"చిక్కింది సార్. డ్రెస్సులన్నీ కుట్లేసి బిగించినా. నాయిన మీద దిగులనుకున్నా. తినేది మాత్రం బాగా తింటాది. సార్, మీరెందుకు అట్ల సూస్తాండారు దాన్ని?"

"పన్ను పీకేముందు సుగర్ చూసే మిషనుంది నా దగ్గర. వేలిమీద ఒక్క చుక్క. రా పాపా. చున్నీ తియ్యి."

"నాకొద్దు సార్. సూపించుకోనీకి వచ్చింది అమ్మ."

"సూడనీవే, ఏమైతాది. రా. దగ్గరికి రా. నోట్లో ఏముండాదే అది? లవంగమా? నీకెందుకే లవంగం?"

"ఏమీ ల్యాదు."

"తియ్యి ఆ గుడ్డ. తియ్యి అంటాండా. హర్షిణీ, నా పక్క తిరుగు… సార్. సార్, ఇది…"

"అదేనా?"

"అదే సార్. ఆయనదే."

"ఆయనది కాదమ్మా, కూర్చో నువ్వు. కూర్చో. ఇప్పుడే పెద్దాస్పత్రికి పోతాం, నా బండిలోనే. పిల్ల నిలబడి మాట్లాడుతుంది, టైముంది మనకు. పాపా, ఏడవద్దు. ఈ వాసన ఎన్నాళ్ళనుంచి? ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"నెల దినాలాయె సార్. సెప్తే, నాయిననడిగినట్ల నన్నూ వీధిలో నిలబెట్టి యాడ తాగొచ్చినావే అంటాదని, నోరు మూసుకున్నా."