నాలుగో పని

"ఆసుపత్రి డాక్టరు రాసిచ్చిన పనులివి. ఒకటి, మీ జిగురు కొంచెం సీసాలో పోసుకురావాలి. రెండు, మా ఆయన ఎన్నేళ్ళు అది పూశాడో రాయించాలి. మూడు, ఇక్కడ పనిచేసే తొమ్మిదిమందినీ రక్తపరీక్షకి రమ్మనాలి. ఐదు, కింద నీ సంతకం."

(ఇస్తాంబుల్‌లో ఒక నేలమాళిగ. బూట్లు కుట్టే గది. పీటల దగ్గర పనివాళ్ళు. అందరూ ఉస్తా, అంటే మేస్త్రి, అని పిలిచే యజమాని రిఫ్కీ ఎదుట, ఇక్కడే పనిచేసి జబ్బుపడ్డ సబ్రీ తాలూకు భార్య జెహ్రా.)

"నా జిగురే వాడికి రక్త క్యాన్సర్ తెచ్చిందని నేనే రాసివ్వాలా? టీ తాగి వెళ్ళు, వదినా."

"నీ టీ నువ్వే తాగు."

"రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు ఊదేవాడు. అది రాసుకున్నాడా మీ డాక్టరు?"

"రాసుకున్నాడు. వాళ్ళింట్లో ఎవరికైనా ఉందా, ఎక్స్‌రేలు ఎన్ని తీయించుకున్నాడు, అన్నీ అడిగాడు. ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేనన్నాడు. కానీ ఈ జిగురులో బెంజీన్ ఉంటుందట. మూసిన గదిలో ఏళ్ళ తరబడి పీలిస్తే ఎముకల్లో మూలుగ చెడుతుందట. ఈ ఏడాది బూట్లు కుట్టేవాళ్ళలో ఈయన నాలుగోవాడట!"

"ముప్పై ఏళ్ళుగా నేనూ పీలుస్తున్నా. రాయిలా లేనూ?"

"నువ్వు పైన కొట్లో తలుపు తీసుకుని కూర్చుంటావు. డబ్బా ఇవ్వు."

"ఇవ్వను. ఆ కాగితం ఇటు తే. మూడు చదివి ఐదుకి దూకావేం?"

"ఏం లేదు. వదులు, చిరుగుతుంది..."

"'నాలుగు. గదికి కిటికీలెన్ని?' అబ్బో! ఇది మింగేశావే!"

"ఉస్తా, వద్దు."

"అదిగో, ఆ ఇటుకలు చూడు. ఆరేళ్ళ కిందటిదాకా అక్కడ కిటికీ ఉండేది. అప్పుడు పైవాటాలో ఉన్నదెవరు? ఆరేసిన దుప్పట్లు జిగురు కంపు కొడుతున్నాయని వీధంతా వినేలా అరిచిందెవరు? మూయకపోతే పుట్టింటికి పోతానన్నావు. పాపం, సెలవురోజు వచ్చి వాడే కట్టాడు ఆ గోడ. నా జిగురూ, నీ గోడానూ! రాయమంటావా?"

"కిటికీల సంగతి డాక్టరు మా ఆయన్నీ అడిగాడు. ఆ గదికి మొదట్నుంచీ కిటికీయే లేదన్నాడు మా ఆయన. నావైపు చూడకుండా అన్నాడు."

"అలా అన్నాడా..."

"రాయి ఉస్తా. కిటికీ ఉండేది, మూయించింది జెహ్రా. జిగురు రిఫ్కీది. రెండూ రాసి సంతకం పెట్టు. అన్నలారా, మీరు రేపే వెళ్ళి రక్తం ఇచ్చి రండి. వచ్చి ఆ గోడ పగలగొట్టండి. పగలగొట్టేటప్పుడు ఒక్కమాట గుర్తుంచుకోండి. అది కట్టినవాడి పేరు సబ్రీ. చావు మంచంమీద కూడా నా పేరు బయట పెట్టలేదు."